పిడి మీది పేరు: జపాను త్సుబా, అరేబియా ఖడ్గం, తెలంగాణ ఉక్కు

రియాద్ పాతనగరంలో మస్మక్ కోటకు కూతవేటు దూరంలో సూక్ అల్-జల్ అనే బజారు ఉంది. తివాచీలు, ఊదుచెక్కలు, పాత కాఫీ దల్లాలు, అంచులకు జరీ కుట్టిన బిష్తులు అమ్మే అంగళ్ళ నడుమ పాత కత్తులూ జంబియాలూ అమ్మే దుకాణాలు కొన్ని కనిపిస్తాయి. అటువంటి ఒక దుకాణంలో యజమాని నాకొక వంపుకత్తి చూపించి, ఒరలోంచి నాలుగు అంగుళాల మేర అలుగును బయటకు లాగి, ఒకే ఒక్క మాట అన్నాడు: "హిందీ". అది నా దేశాన్ని గురించి అన్న మాట కాదు. ఆ లోహపు నాణ్యతకు ఆయన ఇచ్చిన ధ్రువపత్రం. ఆ కత్తి ఏ తెగ పెద్దల ఇంట ఉండేదో, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో కూడా చెప్పాడు. పిడి మీది వెండిపని ఎవరు చేశారని నేను అడిగినప్పుడు మాత్రం ఆయన భుజాలు ఎగరేశాడు. ఆ ప్రశ్న ఆయనకు కొత్తగా తోచింది.

ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నే. పాత ఆయుధాల సేకరణ ప్రపంచంలో ఇదే ప్రశ్నను మొట్టమొదట అడిగే సంప్రదాయం ఒకటి ఉంది. అది జపాను కత్తుల అలంకరణ భాగాలను, ముఖ్యంగా త్సుబాలను, సేకరించేవారి సంప్రదాయం. ఆ పద్ధతిని పక్కన పెట్టుకొని అరేబియా ఖడ్గాన్ని చదివితే ఏమి తెలుస్తుంది? ఆ ఖడ్గంలో మన తెలంగాణ కొలుముల వాటా ఎంత ఉందని నిజాయతీగా చెప్పగలం? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడం ఇక్కడి ప్రయత్నం.

అరచేతిలో ఇమిడే కళ

జపాను కత్తికి అలుగుకూ పిడికీ మధ్య చేతికి రక్షణగా అమర్చే లోహపు బిళ్ళను త్సుబా అంటారు. సాధారణంగా ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు, నడుమ అలుగు తోక దూరడానికి ఒక రంధ్రం. దానితోపాటు పిడి మొదట తొడిగే పట్టీ ఫుచి, పిడి చివరి టోపీ కాషిరా, పిడి చుట్టిన పట్టుతాళ్ళ కింద ఒదిగే చిన్న ప్రతిమలు మెనుకి, ఒర పక్కన దోపే చిన్న చాకు పిడి కొజుకా. ఈ భాగాలను చేసేవారు వేరు, అలుగును చేసే కమ్మరి వేరు. ఒర చేసేవాడు, దానికి లక్క పూసేవాడు, పిడికి తాడు చుట్టేవాడు కూడా ఎవరికి వారే. ఒక్క కత్తిలో కనీసం నాలుగైదు వృత్తుల చేతులు కలుస్తాయి.

ఈ అలంకరణ లోహాలలో రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకటి షకుదో. రాగిలో కొద్దిపాటి బంగారం, సుమారు నూటికి నాలుగైదు పాళ్ళు, కలిపిన మిశ్రమం. చేసినప్పుడు అది మామూలు రాగిలాగే కనిపిస్తుంది. ముల్లంగి తురుముతో రుద్ది, రాగి లవణాలు కరిగించిన నీటిలో మరిగిస్తే నేరేడుపండు నిగారింపుతో నల్లబడుతుంది. రెండవది షిబుయిచి. ఆ మాటకు 'నాలుగింట ఒకవంతు' అని అర్థం. రాగిలో వెండి కలిపి చేసే ఈ లోహం అదే నీటిలో బూడిదవన్నెకు తిరుగుతుంది. ఈ పనివాడి చేతిలో రంగు అనేది పైపూత కాదు, లోహమే రంగు తేలుతుంది. కాబట్టి పాత త్సుబాను కొత్తగా మెరిపించాలని తోమినవాడు దానిని శుభ్రం చేసినట్టు కాదు, చెరిపేసినట్టే.

1876లో జపాను ప్రభుత్వం సైనికులు, పోలీసులు మినహా తక్కినవారు బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించింది. సమురాయ్ వర్గానికి అది గౌరవభంగం. పిడి పనివారికైతే అది జీవనాధారం పోవడమే. కొందరు పాశ్చాత్య దేశాల ప్రదర్శనల కోసం పూలకుండీలు, పెట్టెలు చేయడానికి మళ్ళారు. ఈ వృత్తిలో చివరి తరపు మహామహుల్లో ఒకడైన కానో నత్సువో (1828-1898) కొత్త ప్రభుత్వపు నాణేలకు నమూనాలు చెక్కాడు. అలుగుల నుంచి ఊడదీసిన త్సుబాలు వేలసంఖ్యలో యూరప్‌కూ అమెరికాకూ తరలిపోయాయి. బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉన్న గొప్ప జపాను సేకరణ ఆ కాలపు సేకర్తల చలవే.

త్సుబా సేకర్త అడిగే మొదటి ప్రశ్న 'ఎవరు చేశారు?' ఆ తరువాతనే ఏ శాఖ, ఏ తరం, ఏ ఊరు అన్నవి. చేసినవారి సంతకం ఉంటే దానిని చదువుతాడు. దొంగసంతకం కావచ్చునని అనుమానిస్తాడు. సంతకం లేకపోతే ఉలిజాడను బట్టి, అంచు తిరిగిన తీరును బట్టి శాఖను ఊహిస్తాడు.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. జపాను పనివారు పేరు చెక్కుకున్నారు, మనవారు చెక్కుకోలేదు, తేడా అంతే అనుకోవడం తేలిక. కాని అది పూర్తి నిజం కాదు. పదిహేనవ శతాబ్దపు గోతో యూజో మొదలుకొని పదిహేడు తరాలపాటు పాలకుల కొలువులో పనిచేసిన గోతో వంశాన్నే తీసుకుందాం. ఆ వంశపు తొలి తరాలవారి పని మీద సంతకాలు లేవు. అది ఫలానా పూర్వీకుని పని అని తరువాతి తరాల ఇంటిపెద్దలు పరిశీలించి, మడతకాగితం మీద ధ్రువపత్రం రాసిచ్చేవారు. అంటే చెక్కినవాని పేరు నిలిచింది చెక్కడం వల్ల కాదు, ఒకరు ఆ పేరును కాగితం మీద పెట్టి దాచడం వల్ల. 1948లో ఏర్పడిన జపాను కళాఖడ్గాల పరిరక్షణ సంఘం నేటికీ చేస్తున్నది ఆ పనే. నైపుణ్యం ఎంతటిదైనా, దానిని నమోదు చేసే వ్యవస్థ లేకపోతే అది అనామకమే అవుతుంది.

ఈ సంప్రదాయంలో లోపాలు లేకపోలేదు. ఊడదీసిన త్సుబాను మఖమలు పెట్టెలో పెట్టి చూసేవాడు దానిని ఒక చిన్న చిత్రంగా చూస్తాడు. అది ఏ అలుగుకు తోడుగా ఉండేదో, ఆ చేతిబరువుకు ఎలా తూగేదో మరచిపోతాడు. పేరుకు వెల పెరిగిన చోట దొంగపేర్లూ పెరుగుతాయి. అయినా చేసినవాడు ఎవరన్న ప్రశ్నను సేకరణకు కేంద్రంగా నిలిపిన ఘనత ఆ సంప్రదాయానిదే.

యజమాని పేరుతో బతికే ఖడ్గం

అరేబియాలో ఖడ్గానికి దక్కినంత గౌరవం మరే వస్తువుకూ దక్కలేదు. సౌదీ జెండా మీద ఖడ్గం ఉంది, రాజచిహ్నంలో ఖర్జూరవృక్షం కింద రెండు ఖడ్గాలున్నాయి. కత్తులెత్తి, తప్పెట్ల లయకు, పద్యాల పల్లవికి అడుగులు వేసే నజ్ద్ ప్రాంతపు అర్దాను యునెస్కో 2015లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడ కత్తులకు సొంత పేర్లుంటాయి. వాటిలో ప్రసిద్ధమైనది అల్-అజ్రబ్. 1824లో రియాద్‌ను స్వాధీనం చేసుకొని రెండవ సౌదీ రాజ్యాన్ని స్థాపించిన ఇమామ్ తుర్కీ బిన్ అబ్దుల్లా ఖడ్గం అది. 'అజ్రబ్' అంటే గజ్జిపట్టినది. తుప్పుమచ్చల వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ ఖడ్గం పంతొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధంలో బహ్రెయిన్ రాజకుటుంబానికి చేరి, అక్కడ శతాబ్దానికి పైగా ఉండి, 2010లో బహ్రెయిన్ రాజు చేతుల మీదుగా రాజు అబ్దుల్లాకు తిరిగివచ్చింది.

ఒక ఖడ్గం ప్రయాణాన్ని ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్న సమాజాన్ని మెచ్చుకోవలసిందే. అయితే ఆ స్మృతిలో ఉన్నవారు ధరించినవారు, కానుకగా ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు. అలుగును సాగగొట్టినవాడికీ పిడికి వెండి తొడిగినవాడికీ అందులో చోటులేదు. జపానులో 'చేసింది ఎవరు?' అని అడిగే చోట అరేబియాలో 'ధరించింది ఎవరు?' అని అడుగుతారు. రెండూ చరిత్రలే. కాని మొదటిది చేతిపని చరిత్ర, రెండవది వంశచరిత్ర.

ఇక్కడొక విచిత్రం ఉంది. మనిషి పేరును నమోదు చేయని ఈ సంప్రదాయం దేశం పేరును మాత్రం భద్రంగా దాచింది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు తత్త్వవేత్త అల్-కిందీ ఖడ్గాల రకాల మీద రాసిన గ్రంథంలో యెమెన్, సింహళం, హింద్ ఉక్కుల ప్రస్తావన ఉంది. హింద్ ఉక్కుతో చేసిన కత్తిని అరబ్బీలో 'ముహన్నద్' అన్నారు. ఆ మాట కవిత్వంలో ఖడ్గానికి పర్యాయపదమైంది, చివరికి మగపిల్లల పేరు కూడా అయింది. మన కార్యాలయాల్లో ముహన్నద్ అనే సౌదీ సహోద్యోగి ఎదురైనప్పుడు ఆయన పేరులో మన దేశపు కొలిమి ఉందని మనకూ తెలియదు, బహుశా ఆయనకూ తోచి ఉండదు.

అరేబియా ద్వీపకల్పంలోనూ పనివాని పేరు పూర్తిగా మాసిపోలేదు. నజ్రాన్ నుంచి సనా వరకు జంబియాల ఒరలకు, పిడులకు, నగలకు వెండిరవ్వలు పొదిగే పనిలోనూ సన్నతీగ పనిలోనూ యూదు కంసాలులు పేరు మోశారు. వారిలో బదీహీ, బౌసానీ కుటుంబాల పేర్లు ఆ పనితనపు శైలులకే పేర్లయ్యాయి. 1949, 1950 సంవత్సరాల్లో వారిలో అధికభాగం ఇజ్రాయెల్‌కు వలసపోయినా బజారులో ఆ పేర్లు మిగిలాయి. వృత్తి ఒక కుటుంబానికి కట్టుబడి, కొనేవారు ఆ కుటుంబాన్ని వెదుక్కుంటూ వచ్చిన చోట పేరు నిలబడగలదనడానికి ఇది నిదర్శనం.

ఇంతకీ సగటు అరేబియా ఖడ్గం ఒకే ఊరి వస్తువు కాదు. అలుగు పర్షియాది కావచ్చు, భారతదేశానిది కావచ్చు, జర్మనీలోని జోలింగెన్ నుంచి వర్తకుల సరుకుగా వచ్చినదీ కావచ్చు. పిడి మీది వెండి స్థానిక కంసాలిది, ఒర తోలు మరొకరిది. కొన్నిసార్లు అలుగు ఒక తరానిది, పిడి మరో తరానిది. 'అరబ్బు ఖడ్గం, 19వ శతాబ్దం' అని రెండు మాటల చీటీ అతికించినప్పుడు ఈ చేతులన్నీ ఒక్క జాతినామం కింద మరుగునపడిపోతాయి.

ఇందల్వాయి, కోనసముద్రం

ఆ మరుగునపడిన చేతుల్లో మనవి ఏవి? ఇక్కడ రెండు ఊళ్ళ పేర్లు నిస్సంశయంగా చెప్పవచ్చు. రెండూ నేటి నిజామాబాద్ జిల్లాలోనివే.

1666-67లో భారతదేశంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో గోల్కొండకు పోయే దారిలో ఇందల్వాయి మీదుగా వెళ్ళాడు. అక్కడ కత్తులు, బాకులు, బల్లేలు తయారవుతాయనీ, అవి దేశమంతటా అమ్ముడుపోతాయనీ రాసుకున్నాడు. అదే శతాబ్దంలో తావెర్నియే పర్షియా కత్తుల మీది అలలవంటి చారలను గురించి చెబుతూ, ఆ చారలు తేలే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని అన్నాడు. నేడు హైదరాబాద్-నాగపూర్ రహదారి మీద ప్రయాణించేవారికి ఇందల్వాయి తెలిసిన పేరే. అది ఒకప్పుడు ఆయుధాలు చేసిన ఊరని తెలిసినవారు తక్కువ.

కోనసముద్రానిది ఇంకా స్పష్టమైన సాక్ష్యం. లాంబ్టన్ నడిపిన మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశోధకుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ ఊరి ఉక్కు తయారీని చూసి రాశాడు. 1824లో ఆయన మరణించాక, 1832లో ఆ రచన బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మిర్త్‌పల్లి ఇనుము మూడు పాళ్ళు, కొండాపురం ఇనుము రెండు పాళ్ళు కలిపి మట్టిమూసల్లో కరిగించేవారని అందులో ఉంది. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుని ప్రస్తావన కూడా ఉంది. రెండు రకాల ఇనుమును లెక్కప్రకారం కలపడం గుడ్డి అనుభవంతో అయ్యే పని కాదు. ఏ ఇనుము ఏ గుణం ఇస్తుందో వేరువేరుగా తెలిసినవాడే అలా కలపగలడు. 2010లో ఎస్. జైకిషన్, శారదా శ్రీనివాసన్, జిల్ జూలెఫ్ ప్రభృతులు ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి జరిపిన సర్వే ఇటువంటి ఇనుము, ఉక్కు తయారీ స్థలాలు ఆ ప్రాంతమంతటా ఎంత విస్తారంగా ఉన్నాయో చూపింది. కోనసముద్రం ఉన్న మండలం పేరు కమ్మరపల్లి కావడం గమనించవలసిన విషయం.

ఆ వాయిసీ రచనలోనే మన సమస్య కూడా ఉంది. కొనడానికి వచ్చిన వర్తకుని పేరు మనకు తెలుసు. చూసి రాసిన దొర పేరు తెలుసు. మూడుకు రెండు పాళ్ళ లెక్క తెలిసిన కమ్మరి పేరు తెలియదు. అక్కడ కాగితం ఉంది, రాసే చేయి ఉంది, అడిగే ప్రశ్న మాత్రం లేదు.

అరేబియాతో తెలంగాణకున్న బంధం ఉక్కుముద్దలతో ఆగలేదు. హైదరాబాదు సంస్థానంలో హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికులు దళాలుగా ఉండేవారు. వారి బ్యారక్సే నేటి బార్కస్. నిజాం కొలువులో జమేదారుగా ధనం, పలుకుబడి సంపాదించిన ఉమర్ బిన్ అవద్ అల్-కుఐతీ వంశం హద్రమౌత్‌లో ఒక సుల్తాన్ రాజ్యాన్నే నిలబెట్టింది. 1967లో గద్దె దిగిన ఆ వంశపు చివరి సుల్తాన్ తరువాతి జీవితం గడిపింది సౌదీ అరేబియాలోనే. మనుషులు ఇలా రెండు తీరాల మధ్య తిరుగుతున్నప్పుడు వారి నడుముకున్న ఆయుధాలూ తిరిగాయి. దక్కనులో తొడిగిన వెండి అరేబియాకు, అరేబియా తీరు వంపు దక్కనుకు చేరాయి. పద్దెనిమిది నుంచి ఇరవయ్యో శతాబ్దం వరకు అరేబియా ఆయుధాల మీద రాబర్ట్ ఎల్గుడ్ 1994లో వెలువరించిన గ్రంథాన్ని భారతదేశపు సంబంధం పక్కన పెట్టి చదవడం సాధ్యంకాదు.

అలంకరణ విద్యలోనూ పోలికలున్నాయి. ఇనుము ముఖాన్ని అడ్డంగా నిలువుగా సన్నగీతలతో గరుకు చేసి, దాని మీద బంగారు తీగనో రేకునో నొక్కి పట్టించడాన్ని మన దేశంలో కోఫ్త్‌గరీ అంటారు. జపానులో అదే పనిని బట్టనేత పోలికతో నునోమె జోగాన్ అన్నారు. ఇక బిదరు పనివాడు తుత్తునాగంలో కొంత రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బిదరు కోట మట్టినీ నవాసారాన్నీ కలిపిన ముద్దతో రుద్దుతాడు. తుత్తునాగం నల్లబడుతుంది, వెండి చెక్కుచెదరదు. షకుదో చేసేవాడు ముల్లంగితో, రాగి లవణంతో సాధించే నలుపును ఈయన కోటమట్టితో సాధిస్తాడు. ఒకరినుంచి ఒకరు నేర్చుకున్నారని నేను అనడం లేదు. లోహపు ఒంటి రంగునే చిత్రపు నేపథ్యంగా మలచాలన్న ఆలోచన రెండు చోట్లా స్వతంత్రంగా పండిందని మాత్రమే అంటున్నాను. షకుదో మాట ఇంగ్లీషు నిఘంటువులకెక్కింది, దాని చేతులకు వంశవృక్షాలున్నాయి. బిద్రీకి కూడా పేరుంది. పాత బిద్రీ హుక్కాను చేసినవాని పేరు అడిగితే మాత్రం మళ్ళీ భుజాలు ఎగరేయడమే.

మన గొప్పల మీద ఒక విమర్శ

ఈ సమాచారం చేతికందగానే మనలో చాలామంది చేసే పని ఒకటుంది. 'డమాస్కస్ కత్తులన్నీ తెలుగు ఉక్కువే' అని ప్రకటించడం. సభల్లో, వాట్సాప్ సందేశాల్లో ఈ వాక్యం విరివిగా వినిపిస్తుంది. ఇది కూడా ఒకరకంగా పనివానిని చెరిపేసే వాక్యమే కనుక దీనిని నిలబెట్టి పరిశీలించాలి.

మొదటిది, మూసఉక్కు తెలంగాణలోనే కాక మైసూరు, సేలం ప్రాంతాల్లోనూ, శ్రీలంకలోనూ, మధ్య ఆసియాలోనూ తయారైంది. 'వుట్జ్' అనే ఇంగ్లీషు మాట 1795లో జార్జ్ పియర్సన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంతో ప్రచారంలోకి వచ్చింది. దాని మూలమని చెప్పే 'ఉక్కు' మనదెంతో కన్నడిగులదీ అంతే. రెండవది, అలుగు మీది అలల చార దానంతట అది పుట్టిన ఊరు చెప్పదు. వెర్హోవెన్, పెండ్రే 1998లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఆ చార ఏర్పడటంలో వనేడియం వంటి మూలకాలు లేశమాత్రంగా ఉండటం కీలకం. అంటే ఖనిజం గుణమూ, మూసలో కాగిన తీరూ, సాగగొట్టిన ఇస్ఫహాన్ కమ్మరి ఓర్పూ మూడూ కలిస్తేనే ఆ చార. దానిని ఒక్కరి ఖాతాలో వేయడం తక్కినవారికి అన్యాయం.

మూడవది, పేరు ఉన్నంత మాత్రాన మనిషి దొరికినట్టు కాదు. పర్షియా కత్తుల మీద అసదుల్లా ఇస్ఫహానీ అనే సంతకం తరచు కనిపిస్తుంది. ఒక మనిషి జీవితకాలంలో చేయలేనన్ని కత్తుల మీద, అనేక తరాల పొడుగునా ఆ పేరుంది. అది క్రమంగా వ్యక్తినామం స్థాయి దాటి నాణ్యతకు ముద్రగా మారింది. సూక్ అల్-జల్ వర్తకుడు 'హిందీ' అన్నది ఎటువంటి ముద్రో ఇదీ అటువంటిదే. ఆ మాట విని పొంగిపోయే ముందు ఆ అలుగును పరీక్షించినవారెవరని అడగాలి.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ జపానులోనే ఉంది. పదిహేడవ శతాబ్ది ఆరంభంలో తొకుగావా పాలకుల కొలువులో పనిచేసిన ఎచిజెన్ యసుత్సుగు తన అలుగుల తోకల మీద సంతకంతోపాటు మరో మాట చెక్కాడు: దక్షిణ పరదేశీయుల ఇనుముతో చేశానని. ఓడల మీద వచ్చిన ఆ ఇనుము భారతదేశానిదే కావచ్చునని కొందరు పరిశోధకుల అభిప్రాయం, అది ఇంకా రుజువు కావలసిన మాట. కాని ఆ కమ్మరి నిజాయతీ చూడండి. తన పేరు ఎక్కడ ఆగుతుందో, పరాయివాడి శ్రమ ఎక్కడ మొదలవుతుందో ఒకే ఇనుపతోక మీద రాసిపెట్టాడు. పరాయివాడి ఊరు ఆయనకు తెలియదు, అయినా ఆ శ్రమ తనది కాదని చెప్పడం మానలేదు. మ్యూజియం చీటీ ఎలా ఉండాలన్నదానికి నాలుగు వందల ఏళ్ళనాటి ఈ చెక్కడాన్ని మించిన నమూనా నాకు కనిపించలేదు.

సేకర్త బాధ్యత

కాబట్టి అరేబియా ఖడ్గాన్నో దక్కను బాకునో కొనేవారికీ, మ్యూజియంలో చూసేవారికీ, చీటీలు రాసేవారికీ ఒక విన్నపం. ఖడ్గాన్ని ఒకే వస్తువుగా కాక నాలుగు వస్తువులుగా చదవండి: అలుగు, పిడి, ఒర, తొడుగు. ఒక్కొక్కదానికి లోహం, పని పద్ధతి, చేతిజాడ వేరువేరుగా రాయండి. తెలిసినది తెలిసినట్టు, ఊహించినది ఊహగా విడదీసి పెట్టండి. యజమాని వంశం గురించి ఎన్ని వాక్యాలు రాస్తే పిడి పనిమీద కూడా అన్ని వాక్యాలు రాయండి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో దక్కను ఆయుధాలూ జపాను కత్తులూ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే కంటితో చూసే అవకాశం తెలుగువారికి అంత దగ్గరలో ఉంది.

కొనేవారు కొన్ని మెలకువలు మరచిపోకూడదు. పాత లోహాన్ని తోమకూడదు, చింతపండుతోగానీ వెండిపాలిషుతోగానీ మెరిపించకూడదు. పాత జంబియాలకు ఖడ్గమృగపు కొమ్ముతో చేసిన పిడులుంటాయి. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఆ కొమ్ము వ్యాపారం నిషిద్ధం, దానిని కొనడమంటే అంతరించిపోతున్న జంతువుకు మళ్ళీ వెల కట్టడమే. భారతదేశపు 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం బయటకు తీసుకుపోకూడదు. తాతగారి కత్తిని గల్ఫ్‌లోని ఇంటి గోడకు తగిలించాలన్న కోరిక ఎంత ముచ్చటైనదైనా అది చట్టం ఒప్పుకోనిది.

సౌదీ సంస్కృతి మంత్రిత్వశాఖ 2025ను హస్తకళల సంవత్సరంగా ప్రకటించింది. నజ్రాన్ బజారులో ఇప్పటికీ జంబియాలకు ఒరలు కుట్టేవారు, పిడులు అమర్చేవారు ఉన్నారు. బిదరులోనూ పనివారు ఉన్నారు, కరీంనగర్‌లో వెండి సన్నతీగ పనివారూ ఉన్నారు. పోయినవారి పేర్లు తవ్వితీయడం కష్టం. ఉన్నవారి పేర్లు రాసుకోవడం కష్టం కాదు. వస్తువు కొన్నప్పుడు రసీదు మీద దుకాణం పేరుతోపాటు చేసినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చారన్న నాలుగు మాటలు రాయించుకుంటే, నూరేళ్ళ తరువాత దానిని చేతిలోకి తీసుకునేవారికి అదే గోతో వారి మడతకాగితం అవుతుంది.

చివరగా ఒక మాట. రియాద్‌లో భవనాలు కట్టే చోట, రహదారులు వేసే చోట మనకు ఎదురయ్యే తెలుగు కార్మికుల్లో చాలామందిని ఏ ఊరని అడిగితే నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల పేర్లే వినిపిస్తాయి. ఒకప్పుడు ఉక్కుముద్దలు పడమటికి పయనమైన నేల అదే. ఆ ఉక్కుకు ఇక్కడ 'హిందీ' అన్న ఒక్క పేరే మిగిలింది. ఈ మనుషులను కూడా నేడు ఇక్కడి బజారులో పిలిచేది ఆ ఒక్క పేరుతోనే. ఈ భవనాల ముందు రేపు పెట్టే ఫలకాల మీద కట్టించినవారి పేరు, గీసినవారి పేరు ఉంటాయి. అచ్చులు బిగించి, ఇనుపచువ్వలు కట్టినవాని పేరు ఉండదు. వాయిసీ దొర కోనసముద్రంలో అడగకుండా వదిలేసిన ప్రశ్నను ఈ ఊళ్ళోనైనా అడగవలసినవాళ్ళం, వారి భాషే మాట్లాడే మనం.